నంబర్ ప్లేటు మీద ఒక అక్షరం

1957లో సిలోన్ ప్రభుత్వం, అంటే ఇప్పటి శ్రీలంక, బండ్ల నంబర్ ప్లేట్ల విషయంలో ఒక చిన్న మార్పు తెచ్చింది. అప్పటిదాకా ప్లేట్ల మీద ఇంగ్లిష్ అక్షరాలుండేవి. ఇకమీదట కొత్త బండ్లకు సింహళ లిపిలో 'శ్రీ' అని రాయించాలన్నారు. శ్రీ అనే మాట సింహళులకు ఎంత మంచిదో తమిళులకూ అంతే మంచిది. గొడవంతా దాన్ని ఏ లిపిలో రాశారన్న దగ్గరే వచ్చింది. మరుసటి ఏడాది మార్చిలో కొత్త ప్లేట్లు తగిలించుకుని ప్రభుత్వ బస్సులు తమిళులుండే జాఫ్నాకు వెళితే, అక్కడి ఆందోళనకారులు ఆ అక్షరం మీద తారు పూశారు. దానికి జవాబుగా దక్షిణాన తమిళంలో రాసి ఉన్న బోర్డుల మీద తారు పడింది. మే నెలాఖరుకు తారు డబ్బాలు పోయి పెట్రోలు డబ్బాలు వచ్చాయి. వందల మంది చచ్చిపోయారు. కొలంబోలో ఇళ్లు పోగొట్టుకున్న తమిళులను వేల సంఖ్యలో ఓడలెక్కించి జాఫ్నాకు పంపాల్సి వచ్చింది.

ఒక్క అక్షరం కోసం మనుషులు చంపుకుంటారా అని దూరంగా ఉన్నవాళ్లకు అనిపిస్తుంది. ఇలాంటివి జరిగినప్పుడు పత్రికలు 'తరతరాల వైరం' అని ఒక్క మాటలో తేల్చేస్తాయి. రాయడానికి సులువైన మాటే గానీ, దాంతో ఏమీ తెలియదు. తరతరాల వైరమే అయితే అన్ని తరాలూ ఎందుకు కొట్టుకోలేదు? పక్కపక్క ఇళ్లలో ఉంటూ, ఒకరికొకరు అప్పులిచ్చుకుంటూ, ఒకే బడికి పిల్లల్ని పంపుకుంటూ ఎన్నో ఏళ్లు గడిపారు కదా. అంతకాలం నిద్రపోయిన పగ సరిగ్గా ఆ ఏడాదే ఎందుకు లేచింది, దాన్ని లేపిందెవరు అన్నది అడిగితే కథ వేరేలా కనిపిస్తుంది.

తెలుగులో దీని గురించి రాయడంలో ఒక చిక్కుంది. 'జాతి' అనే మాటతో మనం చాలా పనులు చేయిస్తాం. జాతీయ జెండాలో ఉన్నదీ జాతే, గిరిజన జాతి అన్నా జాతే, కులాన్ని చెప్పేటప్పుడూ ఒక్కోసారి జాతే, మేలుజాతి ఎద్దు అన్నా జాతే. ఇక్కడ ఆ మాటను ఒక్క అర్థంలోనే వాడుతున్నాను: భాష వల్లో, పుట్టుక వల్లో, మతం వల్లో 'మేమంతా ఒకటి' అనుకునే జనం.

ఒకే జనం, రెండు దేశాలు

ఆఫ్రికాలో మలావీ, జాంబియా పక్కపక్క దేశాలు. వాటి మధ్య సరిహద్దును 1891లో బ్రిటిష్ సౌత్ ఆఫ్రికా కంపెనీ గీసింది. కొండలు ఎక్కడున్నాయి, నీళ్లు ఎటు పారుతున్నాయి అని చూసి గీశారు. అక్కడ ఎవరుంటున్నారన్నది వాళ్లకు పట్టలేదు. దాంతో చెవా, తుంబుకా అనే రెండు జాతులూ గీతకు రెండు పక్కలా పడ్డాయి. ఇటువైపు చెవాలకూ అటువైపు చెవాలకూ భాష ఒకటే, ఆచారాలు ఒకటే. తుంబుకాలూ అంతే.

డేనియల్ పోస్నర్ అనే రాజకీయ శాస్త్రవేత్త ఆ గీతకు కాస్త అటూ ఇటూ ఉన్న ఊళ్లలో జనాన్ని ప్రశ్నలడిగి, 2004లో ఫలితాలు ప్రచురించాడు. అవతలి జాతివాళ్లను పెళ్లి చేసుకుంటారా అంటే మలావీ వైపు సగానికి పైగా చేసుకోమన్నారు. జాంబియా వైపు అలా అన్నవాళ్లు దాదాపు నాలుగో వంతు మాత్రమే. అవతలి జాతి అభ్యర్థికి ఓటేస్తారా అన్నప్పుడూ ఇంచుమించు ఇదే తేడా.

మనుషులు వాళ్లే, తేడాలూ అవే. మారిందల్లా దేశం. మలావీలో చెవాలూ తుంబుకాలూ అధికారం కోసం విడివిడిగా పోటీ పడగలిగినంత పెద్ద వర్గాలు. పైగా 1968లో అధ్యక్షుడు హేస్టింగ్స్ బండా చెవాల భాషను జాతీయ భాష చేసి, తుంబుకా భాషను రేడియో నుంచి తీసేయించాడు. జాంబియాలో రెండు జాతులూ చిన్నవే. అక్కడి రాజకీయాల్లో ఇద్దరినీ కలిపి 'తూర్పువాళ్లు' అంటారు. రాజధానిలో ఏదైనా దక్కించుకోవాలంటే ఇద్దరూ కలిసే వెళ్లాలి. అందుకని అక్కడ వాళ్ల మధ్య తేడా ఉందిగానీ, ఆ తేడాతో ఎవరికీ పనిలేదు.

1945 తర్వాత జరిగిన అంతర్యుద్ధాలను వరుసపెట్టి లెక్కలు కట్టిన పరిశోధకులకూ ఇలాంటిదే కనిపించింది. దేశంలో ఎన్ని జాతులున్నాయన్నది యుద్ధాన్ని ముందుగా చెప్పలేదు. పేదరికం, చేతకాని ప్రభుత్వం ఉన్నచోట ప్రమాదం ఎక్కువ. ఒక పెద్ద జాతికి అధికారంలో వాటా లేకుండా చేసినచోట, ముఖ్యంగా ఉన్న వాటాను లాగేసుకున్నచోట, మరీ ఎక్కువ. టాంజానియాలో నూటికి పైగా జాతులున్నాయి. స్వాతంత్ర్యం వచ్చాక జాతుల యుద్ధం మాత్రం రాలేదు. రువాండాలో హుటూలు, టుట్సీలు, కొద్దిమంది త్వాలు. ముగ్గురిదీ ఒకే భాష, ఎక్కువమందిది ఒకే మతం. అక్కడ 1994లో ఎంత ఊచకోత జరిగిందో లోకానికి తెలుసు.

వేలంపాట

మళ్లీ సిలోన్‌కు వద్దాం. ఎందుకంటే అక్కడ ప్రతి మెట్టుకూ తేదీ ఉంది.

1948లో స్వాతంత్ర్యం వచ్చేనాటికి ప్రభుత్వ ఉద్యోగానికి కావలసింది ఇంగ్లిష్. జాఫ్నాలో అమెరికన్ మిషనరీలు ఎప్పటినుంచో బడులు పెట్టారు. నేల పెద్దగా పండని ప్రాంతం కావడంతో పిల్లల్ని చదివించి ఉద్యోగాలకు పంపడం అక్కడ రివాజైంది. దాంతో జనాభాలో ఉన్న పాలు కంటే ఆఫీసుల్లో తమిళుల పాలు ఎక్కువగా ఉండేది. సింహళ పల్లెల్లో బడిపంతులుకూ, ఆయుర్వేద వైద్యుడికీ, బౌద్ధ భిక్షువుకూ ఇంగ్లిష్ రాదు. తమ దేశంలో తమకే ఒక దరఖాస్తు చదువుకోవడం రాదన్న వాళ్ల బాధ అబద్ధం కాదు. ఈ సంగతి చాలామంది చెప్పకుండా దాటేస్తారు. చెప్పకపోతే మిగతా కథ అర్థం కాదు. దానికితోడు ఇంకో భయం: దీవిలో సింహళులే ఎక్కువ, కానీ సముద్రం దాటితే కోట్లమంది తమిళులు. మెజారిటీలో ఉంటూనే మైనారిటీలా భయపడటం అంటే ఇదే.

ఇంగ్లిష్ స్థానంలో రెండు దేశభాషలనూ పెట్టొచ్చు. నిజానికి 1944లో శాసనసభ అలాగే తీర్మానించింది. 1955 దాకా పెద్ద పార్టీలు రెండూ అదే మాట మీద ఉన్నాయి. అప్పుడు ప్రతిపక్ష నాయకుడు ఎస్.డబ్ల్యు.ఆర్.డి. బండారనాయకే, గెలిపిస్తే ఇరవై నాలుగు గంటల్లో సింహళం ఒక్కటే అధికార భాష చేస్తానన్నాడు. ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకున్న మనిషి, క్రైస్తవ కుటుంబంలో పుట్టి బౌద్ధం పుచ్చుకున్నవాడు. 1926లో ఇదే దేశానికి ఫెడరల్ పద్ధతి సరిపోతుందని వ్యాసాలు రాసింది కూడా ఈయనే. జనం ఆ మాటకు ఊగిపోవడం చూసి అధికారంలో ఉన్న పార్టీ 1956 ఫిబ్రవరిలో తానూ 'సింహళం మాత్రమే' అంది. ఆలస్యమైంది. ఏప్రిల్‌లో బండారనాయకే గెలిచి ప్రధాని అయ్యాడు, జూన్‌లో చట్టం వచ్చింది. ఆ చర్చలోనే వామపక్ష నాయకుడు కాల్విన్ ఆర్. డి సిల్వా అన్న మాట ఇప్పటికీ చెప్పుకుంటారు: రెండు భాషలైతే ఒకే దేశం, ఒకే భాష అయితే రెండు దేశాలు.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఆ ఎన్నికల్లో బండారనాయకే పోటీ పడింది తమిళులతో కాదు, మరో సింహళ పార్టీతో. ఒకే వర్గం ఓట్ల కోసం ఇద్దరు పోటీ పడితే వేలంపాట మొదలవుతుంది. నేను మనవాళ్లకు ఇంత తెస్తానని ఒకడంటే, నేను దానికి రెట్టింపు తెస్తానని ఇంకొకడంటాడు. పాడేది సొంత జేబులోది కాదు, అవతలి జాతి హక్కులు. అందుకే పాట ఆగదు. తగ్గి మాట్లాడినవాడికి ద్రోహి అని పేరు.

1957 జూలైలో బండారనాయకే తమిళ నాయకుడు చెల్వనాయకంతో ఒప్పందం చేసుకున్నాడు. ప్రాంతీయ మండళ్లు, తమిళ ప్రాంతాల్లో పాలనకు తమిళం. పెద్దగా కోరరాని కోరికలేమీ కావు. ప్రతిపక్షంలో ఉన్న జె.ఆర్. జయవర్ధనే దీనికి వ్యతిరేకంగా క్యాండీకి పాదయాత్ర మొదలుపెట్టాడు. 1958 ఏప్రిల్‌లో భిక్షువులు ప్రధాని ఇంటి ముందు బైఠాయించారు. ఆ రోజే బండారనాయకే ఒప్పందాన్ని రద్దు చేశాడు. మరుసటి నెల అల్లర్లు. 1959 సెప్టెంబరులో ఒక బౌద్ధ భిక్షువు బండారనాయకేను కాల్చి చంపాడు. తాను పెంచిన పాటలో తానే పోయాడు.

1965లో ఇంకో ఒప్పందం, అదీ అమలు కాలేదు. 1970ల మొదట్లో యూనివర్సిటీ సీటు కావాలంటే తమిళ మాధ్యమం పిల్లలు సింహళ మాధ్యమం పిల్లలకంటే ఎక్కువ మార్కులు తెచ్చుకోవాలన్న లెక్క పెట్టారు. చదువే ఆస్తి అనుకున్న జాఫ్నా ఇళ్లలో ఇది ఎలా తగిలి ఉంటుందో ఊహించుకోవచ్చు. ఇప్పుడు వేలంపాట తమిళుల వైపు మొదలైంది. నిరాహార దీక్షలతో ఏం సాధించారని కుర్రాళ్లు పెద్దవాళ్లను నిలదీశారు. 1976లో తమిళ పార్టీలు వేరే దేశం కావాలన్నాయి. 1981లో తొంభై వేలకు పైగా పుస్తకాలున్న జాఫ్నా లైబ్రరీని తగలబెట్టారు, అందులో పోలీసుల చేయి ఉంది. 1983 జూలైలో వేరే దేశం కోసం ఆయుధాలు పట్టిన తమిళ పులులు (ఎల్టీటీఈ) 13 మంది సైనికులను చంపారు, కొలంబోలో తమిళుల మీద ఊచకోత జరిగింది. అప్పుడు దేశాధ్యక్షుడు ఎవరనుకున్నారు? పాదయాత్ర జయవర్ధనే.

1987లో అదే జయవర్ధనే సంతకంతో ప్రాంతీయ మండళ్లు వచ్చాయి, తమిళం కూడా అధికార భాష అయింది. అంటే 1957లో కాగితం మీద ఉన్నదానికి కాస్త అటూ ఇటూ. కానీ ఆ సరికి తుపాకులు పట్టినవాళ్లకు అది చాలలేదు. 2009 మేలో యుద్ధం ముగిసేదాకా 80 వేల నుంచి లక్షమంది దాకా చనిపోయారని ఐక్యరాజ్యసమితి అంచనా.

కర్త లేని క్రియలు

తెలుగు వార్తల్లో 'అల్లర్లు చెలరేగాయి' అంటారు. 'హింస ప్రజ్వరిల్లింది' అంటారు. గాలివానలా, అడవిలో మంటలా దానంతట అదే వచ్చినట్టు. ఆ వాక్యంలో చేసినవాడు కనిపించడు. 1983 జూలైలో కొలంబో వీధుల్లో తిరిగిన గుంపుల్లో కొందరి చేతుల్లో ఓటర్ల జాబితాలున్నాయి. ఏ ఇల్లు ఎవరిదో చూసుకుని మరీ తగలబెట్టారు. జాబితా తెచ్చుకున్న కోపాన్ని పట్టలేని కోపం అనగలమా?

రువాండాలో జాబితా అక్కర్లేకపోయింది. ప్రతివాడి జేబులోనూ కార్డు ఉంది. 1930ల్లో బెల్జియం పాలకులు ఇచ్చిన గుర్తింపు కార్డుల్లో 'ఉబ్వోకో' అని ఒక గడి పెట్టారు. అంతకుముందు ఆ మాటకు వంశం అనే అర్థం ఉండేది. ఇప్పుడు ఆ గడిలో హుటూ, టుట్సీ, త్వా అన్న మాటల్లో ఒకటి ఉంచేవారు. అప్పటిదాకా హోదా పెరిగితేనో తరిగితేనో కొంతవరకు అటూ ఇటూ మారడానికి వీలున్న గుర్తింపు, కార్డు వచ్చాక తండ్రి నుంచి బిడ్డకు వచ్చే ముద్ర అయింది. స్వాతంత్ర్యం వచ్చాక కొత్త పాలకులు ఆ గడిని అలాగే ఉంచుకున్నారు. తీసేస్తామని 1990లో ప్రకటించారు, తీయలేదు. 1994 ఏప్రిల్ 6న హుటూ అయిన అధ్యక్షుడు హబ్యారిమానా విమానాన్ని కూల్చేశాక టుట్సీల కోసం దారులమీద అడ్డంగా చెట్లు, రాళ్లు పెట్టి హుటూ గుంపులు నిలబడ్డాయి. వచ్చినవాడిని అడిగే మొదటి ప్రశ్న: కార్డేది? ఆ గడిలో ఉన్న ఒక్క మాటను బట్టి మనిషి ఆ అడ్డుగోడ దాటాడా లేదా అన్నది తేలేది. వంద రోజుల్లో చనిపోయినవాళ్లు 5 లక్షల నుంచి 10 లక్షల మధ్య అని వేర్వేరు అంచనాలు.

చంపినవాళ్లందరూ రాక్షసులే అనుకుంటే మనకు హాయిగా ఉంటుంది. చాలామందిని నడిపించింది భయం. 1993 జూలైలో హుటూ తీవ్రవాదులు మొదలుపెట్టిన ఆర్‌టీఎల్‌ఎమ్ రేడియో పాటల మధ్య, జోకుల మధ్య చెబుతూ వచ్చింది ఒక్కటే: వాళ్లు మిమ్మల్ని చంపడానికి వస్తున్నారు, వాళ్లు బొద్దింకలు. నేను ముందు కొట్టకపోతే వాడు కొడతాడు, నేనలా అనుకుంటున్నానని వాడికీ తెలుసు కనుక వాడు ఇంకా ముందే కొడతాడు. పోలీసు మీద నమ్మకం ఉన్నంతకాలం ఈ లెక్క మనసులోకి రాదు. పోలీసు కూడా ఒక పక్షమే అనిపించిన రోజున ప్రతి ఇంట్లోనూ ఇదే లెక్క మొదలవుతుంది. పొరుగువాడు ఆత్మరక్షణకు కత్తి కొంటే అది మనకు దాడికి సన్నాహంలా కనిపిస్తుంది.

అందుకే పుకారుకు అంత బలం. 2023 మేలో మణిపూర్‌లో మెయితీలకూ కుకీలకూ మధ్య ఘర్షణ మొదలైన రోజుల్లో, ప్లాస్టిక్ కవరులో చుట్టిన ఒక యువతి శవం ఫోటో ఫోన్లలో తిరిగింది. తమ అమ్మాయిని అవతలివాళ్లు చంపారని దాని కింద రాశారు. ఆ ఫోటో ఢిల్లీలో జరిగిన వేరే హత్యది. ఇంటర్నెట్ ఆపేసినా పుకారు ఆగలేదు, సరిచేసే మాట మాత్రం ఆగిపోయింది. ఆ ఘర్షణ వెనక కొండ భూములు, లోయ భూములు, ఎస్టీ హోదా అనే పాత తగాదాలున్నాయి. అవి ఫోటో వల్ల పుట్టినవి కావు. కానీ ఆ రోజు ఇంట్లో ఉన్నవాడిని వీధిలోకి తెచ్చింది భూమి రికార్డు కాదు.

ముందే తెలిసి ఉంటే ఆపేవాళ్లం అని తర్వాత అందరూ అంటారు. రువాండాలో ఐక్యరాజ్యసమితి దళానికి నాయకుడైన రోమియో డలేర్, ఆయుధాలు దాస్తున్నారనీ టుట్సీల పేర్లు నమోదు చేస్తున్నారనీ 1994 జనవరి 11నే న్యూయార్క్‌కు ఫ్యాక్స్ పంపాడు. ఆయుధాలు పట్టుకోవడానికి అనుమతి రాలేదు. చంపడం మొదలయ్యాక ఏప్రిల్ 21న భద్రతా మండలి రెండున్నర వేల దళాన్ని 270కి తగ్గించింది. అక్కడ సమస్య సమాచారం కొరత కాదు.

ఆఫీసు పనిలా కనిపించే నివారణ

ఆపడం గురించి మాట్లాడితే శాంతి ర్యాలీలు, కొవ్వొత్తులు, భిన్నత్వంలో ఏకత్వం అని గోడల మీద రాతలు గుర్తొస్తాయి. వాటివల్ల నష్టం లేదు. పని చేసినవి మాత్రం చాలావరకు చూడటానికి విసుగు పుట్టించేవి: రిక్రూట్‌మెంట్ నిబంధనలు, ఓట్ల లెక్కలు, ఏ ఫారం ఏ భాషలో ఉండాలన్న సర్క్యులర్లు.

ఉత్తర ఐర్లండ్‌లో కేథలిక్కులకూ ప్రొటెస్టెంట్లకూ మధ్య మూడు దశాబ్దాలు సాగిన ఘర్షణలో దాదాపు మూడున్నర వేలమంది చనిపోయాక 1998 ఏప్రిల్ 10న గుడ్ ఫ్రైడే ఒప్పందం కుదిరింది. అందరికీ గుర్తున్నది ఆ సంతకాలే. నాకు అంతకంటే ముఖ్యంగా కనిపించేది ఆ తర్వాత పోలీసు శాఖలో జరిగింది. అప్పటి పోలీసుల్లో కేథలిక్కులు నూటికి ఎనిమిది మంది. జనాభాలో మాత్రం వాళ్లు నలభైకి పైనే. కేథలిక్ వీధిలో పోలీసు జీపు కనిపిస్తే అవతలి వర్గం వచ్చినట్టే లెక్క. 1999లో ప్యాటెన్ కమిషన్ ఆ శాఖ పేరు, బ్యాడ్జి, అన్నీ మార్చమంది. 2001 నుంచి పదేళ్లు కొత్తగా తీసుకునేవాళ్లలో సగం కేథలిక్కులు, సగం ఇతరులు. ప్రొటెస్టెంట్ కుర్రాళ్లు కొందరు ఇది అన్యాయమన్నారు. వాళ్ల వైపు నుంచి చూస్తే అది అన్యాయమే, కాదనలేం. 2011 నాటికి కేథలిక్కుల వాటా దాదాపు 30 శాతానికి వచ్చింది, కోటా ఎత్తేశారు. బెల్‌ఫాస్ట్‌లో రెండు వర్గాల వీధుల మధ్య 1969 నుంచి కడుతూ వచ్చిన గోడలు మాత్రం ఇప్పటికీ ఉన్నాయి. 2023 నాటికి తీసేస్తామని 2013లో లక్ష్యం పెట్టుకున్నారు. గడువు దాటింది. గోడ తీయమంటే ముందు వద్దనేది ఆ గోడ పక్కన ఇల్లున్నవాళ్లే.

వేలంపాటను ఆపడానికి ఎన్నికల లెక్కనే మార్చిన దేశాలున్నాయి. తూర్పు ప్రాంతం విడిపోతానంటే వచ్చిన బయాఫ్రా యుద్ధం చవిచూసిన నైజీరియా 1979 నుంచి ఒక నియమం పెట్టింది. అధ్యక్షుడు కావాలంటే అందరికంటే ఎక్కువ ఓట్లు వస్తే చాలదు, మూడింట రెండు వంతుల రాష్ట్రాల్లో కనీసం నాలుగో వంతు ఓట్లు రావాలి. సొంత జాతిని రెచ్చగొట్టి గెలిచేవాడికి ఈ లెక్కతో పని జరగదు. పరాయివాళ్ల ఊళ్లకు వెళ్లి దండం పెట్టాల్సిందే. మొదటి ఎన్నికలోనే తమాషా జరిగింది. అప్పుడున్నవి 19 రాష్ట్రాలు. 19లో మూడింట రెండు వంతులు అంటే పన్నెండున్నర దాటి పదమూడుకు తక్కువ. షెహు షగారీకి 12 రాష్ట్రాల్లోనే నాలుగో వంతు వచ్చింది. పన్నెండా పదమూడా అని సుప్రీంకోర్టు దాకా వెళ్లారు, షగారీయే గెలిచాడు. 2007 డిసెంబరు ఎన్నికల తర్వాత వెయ్యికి పైగా ప్రాణాలు పోగొట్టుకున్న కెన్యా కూడా 2010 రాజ్యాంగంలో ఇలాంటి నియమమే పెట్టుకుంది: 47 కౌంటీల్లో సగానికి పైగా చోట్ల నాలుగో వంతు. అయినా అక్కడ ఎన్నికలొస్తే టెన్షన్ తప్పదు. కానీ గెలవాలనుకునే పెద్ద అభ్యర్థులు ఇతర జాతుల నాయకులతో పొత్తు పెట్టుకోక తప్పదు.

భాష విషయంలో ఇండోనేసియా చేసింది నాకు అన్నిటికంటే తెలివైన పని అనిపిస్తుంది. అక్కడ జావా భాష మాట్లాడేవాళ్లే అతిపెద్ద వర్గం. వాళ్ల భాషనే అందరి మీదా పెట్టి ఉండొచ్చు. 1928లో స్వాతంత్ర్యం కోరిన యువకులు రేవు పట్టణాల్లో బేరసారాలకు వాడే మలయ్ భాషను ఎంచుకున్నారు. అది కొద్దిమందికే అమ్మభాష. ఎవరూ గెలవలేదు కనుక ఎవరూ ఓడలేదు. ఆ దేశంలో తర్వాత రక్తపాతాలు జరగలేదని కాదు, ఘోరంగా జరిగాయి. భాష మీద మాత్రం జరగలేదు.

సిలోన్‌లో సింహళ చట్టం వచ్చిన ఆ 1956లోనే, నవంబరు 1న, ఇండియాలో భాషా ప్రాతిపదిక మీద రాష్ట్రాలు ఏర్పడ్డాయి. నెహ్రూకు అది ఇష్టం లేదు, దేశం ముక్కలవుతుందని భయపడ్డాడు. 1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములు నిరాహార దీక్షలో ప్రాణం వదిలాక, ఆందోళన చెయ్యి దాటుతుంటే తగ్గాడు. తగ్గడంలో ఆలస్యమైంది, ఒక మనిషి చనిపోవాల్సి వచ్చింది. కానీ తగ్గాడు. 1965లో హిందీ ఒక్కటే అధికార భాష కావాల్సిన గడువు వస్తే మద్రాసు రాష్ట్రం భగ్గుమంది, కొందరు ఒంటికి నిప్పంటించుకున్నారు. కేంద్రం మళ్లీ తగ్గింది. హిందీయేతర రాష్ట్రాలు ఒప్పుకునేదాకా ఇంగ్లిష్ కొనసాగుతుందని చట్టం సవరించింది. ఒకప్పుడు వేరే ద్రావిడ దేశం అడిగిన డీఎంకే 1967లో అదే రాష్ట్రంలో ప్రభుత్వం నడపడంలో పడిపోయింది. ఫైళ్లు, బదిలీలు, బియ్యం ధర. వేరు కావాలన్నవాడికి పాలించే పని అప్పగిస్తే చాలాసార్లు ఇదే జరుగుతుంది. ఇదే దేశం ఈశాన్యంలో ఈ పాఠాన్ని చాలాసార్లు మరిచిపోయింది, మణిపూర్ చూశాం.

ఇక వీధి స్థాయి. మహారాష్ట్రలోని భివండీలో 1970లో, 1984లో హిందూ ముస్లిం అల్లర్లు జరిగాయి. మతాల గొడవే అయినా అది నడిచే తీరు అదే. 1980ల చివర్లో అక్కడ డీసీపీగా వచ్చిన సురేశ్ ఖోపడే మొహల్లా కమిటీలు పెట్టాడు. రెండు మతాలవాళ్లూ పోలీసు అధికారితో కూర్చుని మాట్లాడుకునేది పెద్ద సిద్ధాంతాలేం కాదు: మురుగు కాలవ, కొళాయి దగ్గర తగాదా, ఎవరి కొడుకో ఎవరినో తిట్టడం. అలా నెలల తరబడి కూర్చున్నాక ఒకరి ఫోన్ నంబరు ఒకరికి తెలుస్తుంది. 1992 డిసెంబరులో, తర్వాతి జనవరిలో పక్కనే బొంబాయి తగలబడుతుంటే భివండీ నిలబడింది. మరమగ్గాల ఊరు కావడమూ కలిసొచ్చింది. మగ్గం యజమాని ఒక మతం, నూలు వ్యాపారి ఇంకో మతం అయితే, కర్ఫ్యూ పెడితే ఇద్దరికీ దెబ్బే. పుకారు వచ్చినప్పుడు ఫోన్ చేసి 'నిజమేనా?' అని అడగడానికి అవతలి పక్క ఒక్క మనిషైనా తెలిసి ఉండాలి. ఆ పరిచయం అల్లర్ల రోజున పుట్టదు.

మందు ఎక్కువైతే

అన్ని జాతులకూ పక్కాగా వాటాలు పంచేస్తే సరిపోతుందా? బోస్నియాలో అదే చేశారు. దాదాపు లక్షమంది చనిపోయిన యుద్ధాన్ని 1995 నవంబరులో డేటన్ ఒప్పందం ఆపింది. ఆ రాజ్యాంగం ప్రకారం దేశానికి ముగ్గురు అధ్యక్షులు: ఒక బోస్నియాక్ (అంటే బోస్నియా ముస్లిం), ఒక క్రొయాట్, ఒక సెర్బ్. యుద్ధం ఆగింది, మళ్లీ రాలేదు. ఆ మాట ముందు చెప్పాలి. కానీ ఆ ముగ్గురిలో ఎవరూ కానివాడి సంగతి? ఒక రోమా (జిప్సీ), ఒక యూదు పౌరుడు తాము పుట్టిన దేశానికి అధ్యక్ష పదవికి పోటీ కూడా చేయలేకపోతున్నామని యూరప్ మానవ హక్కుల కోర్టుకెళ్లి 2009లో గెలిచారు. రాజ్యాంగం మాత్రం మారలేదు. మార్చాల్సినవాళ్లందరూ ఆ వాటాల మీదే గెలిచివచ్చినవాళ్లు.

అక్కడ 'ఒకే కప్పు కింద రెండు బడులు' అని ఒక ఏర్పాటుంది. భవనం ఒకటే. క్రొయాట్ పిల్లలు ఒక గుమ్మంలోంచి, బోస్నియాక్ పిల్లలు ఇంకో గుమ్మంలోంచి వెళ్తారు, లేదా ఒకరు పొద్దున, ఒకరు మధ్యాహ్నం. పుస్తకాలు వేరు, చరిత్ర వేరు. ట్రావ్నిక్ ఊళ్లో ఆవరణ మధ్యలో కంచె కూడా ఉంది. కాందిశీకులు తిరిగి రావడానికని తాత్కాలికంగా మొదలైన ఏర్పాటు ఇది. వాటాల పద్ధతి యుద్ధం రాత్రి కట్టే కట్టులాంటిది. కట్టు విప్పే రోజు ఎప్పుడన్నది కట్టేటప్పుడే రాసుకోకపోతే లోపల చేయి కదలడం మానేస్తుంది. ఉత్తర ఐర్లండ్ పోలీసు కోటాకు గడువు ఉండటం, డేటన్‌కు లేకపోవడం చిన్న తేడా కాదు. 2017లో యాయ్‌త్సె అనే ఊళ్లో హైస్కూలు పిల్లలు, రెండు జాతుల వాళ్లూ కలిసి, తమను విడదీసి కొత్త బడి పెట్టొద్దని వీధికెక్కారు. అధికారులు ఆ ఆలోచన విరమించుకున్నారు.

కొలంబోలో ఇప్పుడు కొత్త కారు కొంటే వచ్చే నంబర్ ప్లేటు మీద సింహళ శ్రీ ఉండదు, తమిళ శ్రీ కూడా ఉండదు. ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు. పాత మోరిస్ మైనర్ బండ్లను జాగ్రత్తగా చూసుకునేవాళ్లు అక్కడ చాలామంది ఉన్నారు. వాటి మీద, నంబరు మధ్యలో, ఆ అక్షరం ఇంకా కనిపిస్తుంది.